మూడోసారి మోగిన ఫోన్

మనుషులు తమను తాము ఎలా తిట్టుకుంటారో వినడమే సరిత పని. మాడుగులపల్లి దగ్గరి లంబాడీ తండాలో పుట్టి, చదువుకుని, సైకాలజిస్టు అయింది. తప్పు చేసిన స్నేహితురాలితో మాట్లాడినంత మెత్తగా మనతో మనం ఎందుకు మాట్లాడుకోలేం? ఆమె పరిశోధనంతా ఈ ప్రశ్న చుట్టూనే. దాని మీద ఒక పుస్తకం వచ్చింది, రెండోది రాస్తోంది. గురువారాలు మిర్యాలగూడలో ఒక మందుల దుకాణం పైగదిలో, శనివారాలు కోదాడలో జనాన్ని కలిసేది.

గదిలో రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసేది. వచ్చినవాళ్లు ఒకదాంట్లో కూర్చుని తమను తిట్టుకోవాలి. తర్వాత రెండోదాంట్లోకి మారి, అదే తప్పు తమ ప్రాణస్నేహితులు చేసి ఉంటే ఏం చెప్తారో అది చెప్పాలి.

ఆ గురువారం బాలమ్మ వచ్చింది. రైస్ మిల్లులో వడ్లు ఆరబోస్తుంది, యాభై దాటాయి. ఛాతీలో నొప్పి అని భర్త అంటే గ్యాస్ అనుకుని, సోడా తాగించి పనికి వెళ్లిపోయింది. మధ్యాహ్నానికల్లా అతను పోయాడు.

"కూసుండి సోడా తాగిచ్చిన గని దవాఖానకు తీస్కపోలె. గంత తెలివిలేనిదాన్నా నేను?" అని బాలమ్మ తనను తిట్టుకుంటోంది. ఇంతలో కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగింది. రోడ్డవతల మిల్లు మోత కూడా ఆగిపోయి, చెవులు గుయ్యిమనేంత నిశ్శబ్దం.

బాలమ్మ తల కొంచెం పక్కకు వాల్చింది. "మూడుసార్లు మోగింది. మూడోసారి నువ్వే కట్ చేసినవ్," అంది. "ఆ చేత్తోనే అన్నం తింటున్నవా?"

ఆ మాటలు లంబాడీలో ఉన్నాయి.

సరిత పెన్ను పక్కన పెట్టింది. "ఏమన్నవ్ బాలమ్మక్కా?"

"నేనేమన్న మేడం? మా ఆయన ముచ్చటే చెప్తున్న గదా."

"లంబాడీ మాట్లాడినవ్."

"నాకేడ వస్తది మేడం?" బాలమ్మ నిజంగానే తెల్లబోయి చూసింది.

బాలమ్మ అన్నవి సరిత రోజూ పొద్దున మొహం కడుక్కుంటూ తనను తాను అనుకునే మాటలు. ఏ మనిషి ముందూ ఒక్కసారైనా పైకి అనలేదు.

మూడేళ్ల కిందట సూర్యాపేటలో ఒక కాలేజీలో, మన మీద మనం దయ చూపుకోవడం గురించి ఆమె ప్రసంగిస్తోంది. చెల్లెలు చాందీ ఫోన్ చేసింది. సరిత రెండుసార్లు మోగనిచ్చి, మూడోసారి కట్ చేసింది. చాందీకి ఫిట్స్ జబ్బు. ఆ పూట పొలంలో ఒక్కతే ఉంది. నాటు వేసిన మడిలో బోర్లా పడి ఉండగా చూశారు. జానెడు నీళ్లు కూడా లేవు, వాటిలోనే ఊపిరాడక పోయింది. చాందీ ఫోన్ తడిసి పాడైంది. సరిత తన ఫోన్లోంచి ఆ మూడు కాల్స్ చెరిపేసింది, ఇంట్లో చెప్పలేదు.

శనివారం కోదాడలో లారీ డ్రైవర్ ప్రభాకర్ కుర్చీలో కూర్చున్నాడు. తన కోపం గురించి చెప్తూ చెప్తూ ఆగి, ఆడమనిషి మాట్లాడినంత సన్నని గొంతుతో, "నీళ్లు ముక్కులోకి పోతుంటే ఎట్లుంటదో నీ పుస్తకంలో రాసినవా?" అన్నాడు. అదీ లంబాడీలోనే. మరుక్షణం మళ్లీ తన గొంతుతో, "కొంచెం మంచినీళ్లు ఇప్పించండి మేడం, నాలుకంతా బురద రుచిగా ఉంది," అన్నాడు.

సరిత కుర్చీలు మార్చింది, గది మార్చింది. అయినా ఎవరు కూర్చున్నా ఆ మాటలు ఆగలేదు. చివరికి ఆరోగ్యం బాగాలేదని అందర్నీ రావద్దంది. పుస్తకం ఆగిపోయింది.

వారం తిరక్కుండానే బాలమ్మ మెట్లెక్కి వచ్చింది. ఊక దుమ్ము చీరకు ఇంకా అంటుకునే ఉంది. "నన్నెందుకు రావద్దన్నరు మేడం? నాతోని ఏమన్న తప్పయిందా?"

ఆ మాటకు సరిత తట్టుకోలేకపోయింది. మూడేళ్లుగా దాచింది మొత్తం చెప్పేసింది. బాలమ్మ అడ్డుపడకుండా విని, లేచి రెండు కుర్చీలనూ ఎదురెదురుగా లాగింది.

"మీరు కూసోండ్రి. ఇండ్ల కాదు, గా రెండో కుర్చీల. మీ చెల్లెనే గిట్ల ఫోన్ కట్ చేసిందనుకోండ్రి. వచ్చి మీ ముంగట ఏడ్తున్నది. ఏం చెప్తరు?"

ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంది. సరిత దాని వంక చూస్తూ లంబాడీలో, ఎప్పుడో చిన్నప్పుడు చెల్లెలికి జడ వేస్తూ మాట్లాడిన గొంతుతో అంది: "నీకు తెల్వదు చెల్లీ. తెలిసుంటే ఎత్తకపోతువా? మీటింగ్ నడిమిట్ల వదిలేసి ఉరికొస్తువు. నిన్నెవరూ తిట్టరు, ఇట్ల రా."

ఖాళీ కుర్చీలో ప్లాస్టిక్ వైర్ల అల్లిక కిందికి కుంగి ఉంది. ఇద్దరూ చూస్తుండగానే అది కిర్రుమంటూ మెల్లగా పైకి లేచింది.

బాలమ్మ సరిత చెయ్యి గట్టిగా పట్టుకుంది. "పోయింది బిడ్డా," అంది గుసగుసగా.

మర్నాడు పొద్దున్నే సరిత తండాకు వెళ్లింది. తల్లి ద్వాళి వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. సరిత పక్కన కూర్చుని మూడు కాల్స్ గురించి చెప్పింది. తల్లి కొడుతుందనుకుంది, కనీసం ఏడుస్తుందనుకుంది.

ద్వాళి గింజలు తీయడం ఆపలేదు. "నాకూ చేసింది," అంది. "పొయ్యి మీద కూర మాడుతదని ఎత్తలె. తర్వాత చేద్దామనుకున్న. నీకు చెప్పలేకపోయిన."

"అమ్మా..."

"బస్సెక్కితే పక్కసీట్ల కూసున్నోళ్లు అడుగుతరు, ఎందుకు ఎత్తలేదని. ముక్కూమొగం తెల్వనోళ్లు. మన భాషలనే అడుగుతరు. అందుకే నేను బస్సెక్కుడు బంద్ చేసిన."

సరిత లేచి లోపలికి వెళ్లి ఒక పీట తెచ్చింది. తల్లికి ఎదురుగా, ఒక మనిషి కూర్చునేంత దూరంలో వేసింది. తల్లి చేతిలోని చాట తీసి పక్కన పెట్టింది.

"అమ్మా, అక్కడ నీ చెల్లె సరోజ పిన్ని కూసున్నదనుకో. కూర మాడుతదని బిడ్డ ఫోన్ ఎత్తలేదట. ఆమెకు నువ్వేం చెప్తవ్?"

ద్వాళి ఆ పీట వంక చూసింది. చూస్తూనే కొంగు తల మీదికి లాక్కుని, ఎవరో వచ్చి కూర్చోవడానికి చోటిస్తున్నట్టు కాళ్లు కాస్త వెనక్కి ముడుచుకుంది.