లేత్ మీద పడ్డ నింద

మా ఆయన లేత్ మిషన్ వేస్తే చాలు, కాసేపటికి మా ఇల్లంతా ఆగిపోతుంది. ఫ్యాన్ ఆగుతుంది, ఫ్రిజ్ ఒక మూలుగు మూలిగి ఊరుకుంటుంది, హాల్లో మెయిన్ బోర్డు ‘టక్’మంటుంది. ఆ టక్ వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

“ఏమండీ, మళ్ళీ పోయింది!” అని నేను వంటింట్లోంచి అరుస్తాను.

“వస్తున్నా, వస్తున్నా!” అని ఆయన వెనక గదిలోంచి అరుస్తారు. ఒంటినిండా చెక్కపొట్టుతో వచ్చి, స్టూలెక్కి, పడిపోయిన స్విచ్చిని పైకి తోసి, నా వైపు చూడకుండా జారుకుంటారు. పొట్టు మాత్రం నా హాల్లోనే ఉండిపోతుంది.

మిల్లులో షిఫ్టులు చేసి చేసి అరిగిపోయిన మనిషి. పగటి షిఫ్టయితే ఇంట్లో ఉండేవారు కాదు, రాత్రి షిఫ్టయితే పగలంతా ముసుగుతన్ని పడుకునేవారు. పట్టపగలు మెలకువగా ఉన్న మొగుడి మొహం ఎలా ఉంటుందో ఆయన రిటైరయ్యాకే నేను తీరిగ్గా చూశాను. ఇంటికొచ్చి ఊరికే కూర్చుంటారా, వెనక గదిలో చెక్క లేత్ పెట్టారు. కుర్చీ కాళ్ళు, మంచం కోళ్ళు తీస్తారు. మిగిలిన ముక్కలతో బొంగరాలు చేసి పంచుతారు. వీధి పిల్లలకు ఆయన బొంగరాల తాతయ్య. ఈ మిషన్ నా ప్రాణానికి వచ్చిందని వచ్చినవాళ్ళందరి దగ్గరా వాపోతాను గానీ, లోపలి సంగతి వేరు. అది గుర్రుమంటున్నంత సేపూ మనిషి ఇంట్లోనే ఉన్నాడన్న ధీమా. ఆ హాయి నాకే తెలుసు.

ఆ మిషన్‌కు ఈయన చేయని వైద్యం లేదు. ప్లగ్గు మార్చారు. స్విచ్చి పెట్టె విప్పి పొట్టంతా దులిపారు. వైరు కొత్తది లాగారు. మోటారుకు చెమ్మ తగిలిందేమోనని చంటిపిల్లకు మల్లే ఎండలో కూడా పెట్టారు. అయినా వేయగానే బాగానే తిరిగేది, కాసేపటికి టక్. మా మరిది కరెంటు పని చేస్తాడు. రెండుసార్లు పిలిపించాం. రెండుసార్లూ ఆ మహాతల్లి వాడి ముందు ఎంత బుద్ధిగా తిరిగిందని! నేను వాడికి టీ ఇచ్చి, వాడి పిల్లల అల్లరి గురించి వింటూ కూర్చున్నాను. బోర్డు కిక్కురుమనలేదు.

“అన్నయ్యా, మిషన్‌కు ఏ రోగమూ లేదు. నీకే అనుమానం రోగం” అని నవ్వి వెళ్ళిపోయాడు. మర్నాడు మళ్ళీ మామూలే.

నిన్న భోజనం దగ్గర ఆయన పళ్ళెంలోంచి తలెత్తకుండా చెప్పారు. “లేత్ తీసేస్తున్నా. మా పాత ఫోర్‌మన్ షెడ్డులో జాగా ఉందట. రేపు వ్యాన్ వస్తుంది.”

“మరి మీరో?”

“మిషన్ ఎక్కడుంటే నేనూ అక్కడే. పొద్దున్నే వెళ్ళి చీకటి పడేసరికి వచ్చేస్తా.”

అంటే మళ్ళీ షిఫ్టే. వద్దనాలని గొంతుదాకా వచ్చింది. ఏ మొహం పెట్టుకుని అనను? ఇన్నాళ్ళూ ఆ మిషన్‌ను దుమ్మెత్తిపోసింది నేనే. “మీ ఇష్టం” అని ఊరుకున్నాను. 

పొద్దున లేవగానే మరిదికి ఫోన్ చేశాను. “వ్యాన్ వచ్చేలోగా రావాలి అబ్బాయ్. మిషన్‌తో పాటు మీ అన్నయ్య కూడా పోతున్నారు” అన్నాను. నా గొంతు విని వాడు వెంటనే బయల్దేరాడు.

వచ్చాక మాత్రం తలపట్టుకున్నాడు. “వదినా, నేనుంటే పడదు, నేను లేకపోతే పడుతుంది. మీరిద్దరే ఉన్నప్పుడు ఈ ఇంట్లో ఏదో జరుగుతోంది.”

“ఏం జరుగుతుంది నా తలకాయ! ఆయన అక్కడ, నేను ఇక్కడ.”

“అయితే నేను లేననుకోండి. బోర్డు దగ్గర కూర్చుంటా. రోజూ చేసే పనులే చేసుకోండి. నాతో మాట్లాడొద్దు.”

మనిషిని ఎదురుగా పెట్టుకుని నోరు కట్టేసుకోవడం నాకు ప్రాణసంకటం. అయినా సరేనన్నాను. వెనక గదిలో లేత్ మొదలైంది. నేను కూరలు కడిగాను, చేతులు తుడుచుకున్నాను, నడవలోకి వెళ్ళొచ్చాను, తరగడానికి కూర్చున్నాను. సగం కూడా తరగలేదు, టక్.

“వదినా! నడవలో ఏం చేశారు?”

“ఏం చేశాను... గీజర్ వేశాను. రోజూ వేసేదే కదా.”

వాడు కుర్చీలోంచి ఒక్క గెంతు గెంతాడు. గీజర్ ఆపి లేత్ వేయించాడు. ఎంతసేపు చూసినా పడలేదు. లేత్ ఆపి గీజర్ వేశాడు. పడలేదు. రెండూ కలిపి వేసేసరికి కాసేపటికి టక్.

“దొరికింది!” అన్నాడు. “రెండిటిలోనూ కొంచెం కొంచెం కరెంటు లీకవుతోంది వదినా. ఒక్కొక్కదాన్నయితే మెయిన్ స్విచ్చి ఓర్చుకుంటుంది. రెండూ మీద పడితే దానివల్ల కావడం లేదు. గీజర్ కాయిల్ మార్చేస్తాను, మోటారు కూడా విప్పి చూస్తాను. ఇంతకుముందు నేనొచ్చిన రెండుసార్లూ మీరు గీజర్ వేయలేదా?”

“నీ కబుర్లలో పడితే నాకు ఇంకేం గుర్తుంటుంది?”

ఈలోగా ఆయన పొట్టు దులుపుకుంటూ వచ్చి నిలబడ్డారు. “పట్టపగలు గీజర్ ఎందుకే నీకు?”

“నాకెందుకు? మీకే. పొట్టు పట్టిన ఒంటి మీద చన్నీళ్ళు పడితే దద్దుర్లు లేస్తాయి కదా. మిషన్ చప్పుడు వినగానే వేసేస్తే, మీరొచ్చేసరికి కాగి ఉంటాయి.”

“రోజూనా?”

“కాక? నీళ్ళు వాటంతటవే కాగుతున్నాయనుకున్నారా?”

“అవును” అన్నారు ఆయన మెల్లగా. “అలాగే అనుకున్నా.”

బయట వ్యాన్ హారన్ మోగింది. ఆయన గుమ్మం వైపు చూశారు, నా వైపు చూశారు. “ఫోర్‌మన్‌కు మాటిచ్చేశాను. అయినా ఇబ్బంది కరెంటు పోవడమొక్కటే కాదుగా. నీకు ఆ చప్పుడు పడదు, పొట్టు పడదు. నువ్వైనా కాస్త సుఖంగా ఉంటావని...”

ఓరి దేవుడా! ఈ మనిషి వెళ్ళిపోతానంటున్నది నా కోసమా? నేను అరిచిన ప్రతి అరుపునూ ఈయన మూటకట్టి దాచుకున్నారా? మరిది ఏదో గుర్తొచ్చినట్టు నడవలోకి వెళ్ళిపోయాడు. స్క్రూడ్రైవర్ మాత్రం బల్ల మీదే ఉంది.

“చప్పుడు నాకు పడదు” అన్నాను. “పొట్టంటే అసలే పడదు. రేపు కూడా అరుస్తాను, ఎల్లుండి కూడా అరుస్తాను. అయినా మీరు వెళ్ళొద్దు. ఇన్నేళ్ళూ మిమ్మల్ని ఆ మిల్లుకే ఇచ్చేశాను. ఇక ఎవరికీ ఇవ్వను.”

కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఆయన చెయ్యి చాచి, చేతికున్న పొట్టు చూసుకుని వెనక్కి తీసుకోబోయారు. నేనే పట్టుకున్నాను.

కాసేపటికి ఆయన జేబులోంచి ఫోన్ తీశారు. మిల్లు మోతకు ఫోర్‌మన్ చెవులు ఎప్పుడో పోయాయి, అందుకని వీధంతా వినపడేలా మాట్లాడాలి.

“వ్యాన్ వెనక్కి పంపిస్తున్నానయ్యా!” అని అరిచారు. “మా ఆవిడ పంపనంటోంది... ఆఁ?... కాదు కాదు, మిషన్‌ను కాదు. నన్ను!”