ఇంజన్ ఆడుతుండగా

అప్పటికే పెద్దమెకానిక్ బండిలోని పాత బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పి పక్కకి వంచాడు. తర్వాత పాజిటివ్. తెల్లగా చిలుము పట్టిన బోల్టుని నెమ్మదిగా తిప్పి తీసి, బ్యాటరీని రెండు చేతులా బయటికి లాగాడు. నడుము కలుక్కుమంది. "అబ్బా" అనబోయి మింగేశాడు. బండి తాలూకు కొరియరతను పక్కనే నిలబడి చూస్తున్నాడు మరి.

"త్వరగా కానివ్వండి పెద్దాయనా, సగం పార్సిళ్ళు సంచీలోనే ఉన్నాయి."

"అయిపోవచ్చింది నాయనా. బండికి ప్రాణం రావద్దూ!"

అందరూ అతన్ని పెద్దమెకానిక్ అంటారు. ఆ పెద్దరికం వయసుకే. షెడ్డు అన్నదమ్ములిద్దరిదీ. కొత్తబళ్ళ మీద శిక్షణ ఇస్తామని కంపెనీవాళ్ళు పిలిచినప్పుడు, ఇద్దరూ పోతే షెడ్డు మూతపడుతుందని తమ్ముణ్ణి పంపి తను ఉండిపోయాడు. అప్పట్నుంచీ కొత్తబళ్ళు తమ్ముడివి, పాతబళ్ళు తనవి. పాతబళ్ళు రావడం ఎప్పుడో తగ్గిపోయింది. ఇప్పుడతను చేసేదల్లా గాలి కొట్టడం, చైనుకి నూనె పెట్టడం. ఇవాళ తమ్ముడు విడిభాగాల కోసం బజారుకి వెళ్ళబట్టి ఈ కొత్తబండి అతని చేతిలో పడింది. దీన్ని సవ్యంగా చేసి పంపిస్తే రేపట్నుంచి కొత్తబళ్ళ మీదా చెయ్యి వేయనిస్తాడని ఆశ. పిచ్చి ఆశే, అయినా చేతులు ఊరుకోవడం లేదు.

కొత్త బ్యాటరీ కూర్చోబెట్టి బటన్ నొక్కగానే ఇంజన్ అందుకుంది. అక్కడితో ఆపి ఉంటే ఎంత బాగుండేది! కానీ చార్జింగ్ చూడకుండా బండి వదలడం అతని వల్ల కాదు. ఇంజన్ ఆడుతుండగానే నెగెటివ్ వైరు పీకాడు. అతని కాలంలో అందరూ అలాగే చూసేవారు. వైరు పీకినా ఇంజన్ ఆగకపోతే చార్జింగ్ బాగున్నట్టు.

ఇది గిలగిల కొట్టుకుని ఆగిపోయింది. గబగబా వైరు తగిలించి మళ్ళీ స్టార్ట్ చేశాడు. నడిచింది గానీ మీటర్లో పసుపు లైటు వెలిగి ఇక ఆరనంది. తాళం తీశాడు, పెట్టాడు. లాభం లేదు. సరిగ్గా అప్పుడే తమ్ముడు దిగి, ఆ లైటు చూశాడు.

"వైరు పీకావా?"

తమ్ముడు అద్దాల బీరువాలోంచి స్కానర్ తెచ్చి సీటు కింది ప్లగ్గుకి తగిలించాడు. తెర మీద వరసగా ఎర్రర్ కోడ్లు. అన్నీ చదివి, చెరిపేసి, తాళం ఆపి మళ్ళీ పెట్టాడు. లైటు ఆరిపోయింది.

"అదృష్టం బాగుంది. లోపలి కంప్యూటర్ కాలిపోయుంటే?"

కొరియరతను హెల్మెట్ పెట్టుకుంటూ, "ఇకమీదట మీరే చూడండి సార్. ఆయన చేతికివ్వకండి," అన్నాడు.

"అలాగే," అన్నాడు తమ్ముడు.

అతనికి తల కొట్టేసినట్టయింది. బయటివాడు అన్నందుకు కాదు, తమ్ముడు ఒప్పుకున్నందుకు. వీడికి పానా పట్టుకోవడం నేర్పింది ఎవరు?

బండి వెళ్ళాక తమ్ముడు మెత్తగా మాట్లాడాడు. అదింకా ఘోరం.

"అన్నయ్యా, నువ్విక కౌంటర్ దగ్గర కూర్చో. వచ్చినవాళ్ళని పలకరిస్తూ ఉండు, చాలు."

"బొమ్మలా కూర్చోమంటావు."

"అలా అన్నానా?"

"అనడానికి ఇంకేం మిగిల్చావురా!"

చేతులు కడుక్కుని, పనిచొక్కాతోనే ఇంటికి నడిచాడు.

మర్నాడు తమ్ముడు షెడ్డు తలుపు తీస్తుంటే వదిన వచ్చి బయటే నిలబడింది.

"మీ అన్నయ్య ఇక రారు. సైకిళ్ళ షాపులో కుదిరారు. అక్కడ ఏ లైట్లూ వెలగవట."

లోపలికి రమ్మన్నా రాకుండా వెళ్ళిపోయింది. తమ్ముడు మొహం కడుక్కుందామని కుళాయి దగ్గరికి వెళ్ళాడు. పక్క గూట్లో అన్న వాడే బట్టల సబ్బు ముక్క, దాని మీద బొటనవేలి గుర్తు నల్లగా ఎండిపోయి ఉంది.