లేని నాలుగు గేదెలు

కాలవ గట్టు వీధిలో ఆవిడని చిన్నా పెద్దా అందరూ వదిన అనే పిలుస్తారు. వదినకి ఎనిమిది గేదెలు, ఒక షెడ్డు, ఒక మొగుడు. వీటిలో గేదెలు మాత్రం ఆవిడ మాట వింటాయి.

సర్కారు కాగితాల్లో గేదెలు పన్నెండు. కిందటేడు తలకింత చొప్పున ఉచిత దాణా ఇస్తామని పశువుల లెక్కకి వచ్చారు. ఆ పూట మొగుడు బావమరిది పాకలోంచి నాలుగింటిని తోలుకొచ్చి కట్టేశాడు. సాయంత్రానికి మళ్ళీ తోలేశాడు. ఆయనొక్కడే తెలివైనవాడని కాదు, ఆ వారం వీధిలో సగం గేదెలు చుట్టపుచూపుకి తిరిగాయి. ఒక కుంటి గేదెని మూడిళ్ళలో లెక్కేశారు. లెక్క రాసేవాడు దాన్ని గుర్తుపట్టాడు, పట్టనట్టు రాసుకున్నాడు.

ఇప్పుడు కొత్త చట్టం వస్తోంది. పశువుల తేన్పులకి లోకం వేడెక్కుతోందట, పేడకి కాలవ పాడవుతోందట. పది దాటి పశువులుంటే అది పరిశ్రమ. పరిశ్రమ కాలవకి రెండొందల గజాల లోపు ఉంటే షెడ్డు పీకెయ్యాలి. పది లోపైతే ఎవరూ జోలికి రారు. వదిన షెడ్డు కాలవకి ఇరవై గజాలు. వానొస్తే తన పేడ నీళ్ళు కాలవలో కలుస్తాయని ఆవిడే ఒప్పుకుంటుంది. అయితే ఎగువన రంగుల ఫ్యాక్టరీ రోజుకో రంగు నీళ్ళు వదులుతుంది. అది తేన్చదు కాబట్టి చట్టంలో దాని ఊసే లేదు.

షెడ్డు పోతే గేదెల్ని కట్టుకోవడానికి వదినకి మరో జానెడు జాగా లేదు. అందుకే మండలాఫీసు మేడ మీద ఆ చట్టం గురించి అభిప్రాయాలు అడుగుతారని తెలిసి వీధంతా కూడి తీర్మానం చేసింది, అందరం ఉన్న లెక్క చెప్పేద్దామని.

"ముందు నువ్వు లే వదినా, వెనక మేమున్నాం" అన్నారు.

వెనకే ఉన్నారు పాపం, ఆఖరి వరసలో.

హాల్లో ఏసీకి పళ్ళు టకటకలాడుతున్నాయి. ఆఫీసరు తెర మీద ఆవు బొమ్మ వేసి, తోక దగ్గర బాణం గుర్తు చూపించి, "ఈ తేన్పుల వల్లే..." అని మొదలుపెట్టాడు.

"తేన్పు అటునుంచి రాదు బాబూ" అంది వదిన.

హాలు గొల్లుమంది. ఆఫీసరు బాణాన్ని మూతి దగ్గరికి జరపడానికి అయిదు నిమిషాలు తంటాలు పడ్డాడు. ఆ ఊపులోనే వదిన లేచి నిలబడింది.

"నాకున్నవి ఎనిమిదే గేదెలు. పన్నెండని రాశారు, అది తప్పు."

"మరి నాలుగేమయ్యాయి?"

ఆవిడ నోరు తెరిచేలోగా మొగుడు అందుకున్నాడు. "చచ్చిపోయాయి సార్."

"ఒక్కసారే నాలుగా?" ఆఫీసరు కళ్ళజోడు తీశాడు. "అయితే అంటురోగం. వీధి మొత్తం నలభై రోజులు పాలు ఆపాలి."

ఆఖరి వరసలోంచి ఒకాయన పరిగెత్తుకొచ్చాడు. "ఏం కూశావయ్యా!" అని మొగుడి కుర్చీని తన్నాడు.

"కాదు సార్, బతికే ఉన్నాయి" అన్నాడు మొగుడు.

వదినకి సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. అయినా కూర్చోలేదు. "అవి మా తమ్ముడివి బాబూ. దాణా కోసం ఒక్కపూట తెచ్చాం. తప్పే. ఆ బస్తాలు వెనక్కి ఇచ్చేస్తాం. నా షెడ్డు జోలికి రాకండి."

ఆఫీసరు గొంతు మెత్తబడింది. "చూడమ్మా, ఈ మండలంలో పశువులు ఏడాదిలో ఒకటిన్నర రెట్లు అయ్యాయని పైకి రాసిందే నేను. నాకు మెడల్ ఇచ్చారు. చట్టం తెస్తున్నదే ఆ లెక్క చూసి. ఇప్పుడు గేదెలు లేవంటే నేనేం కావాలి?" తరవాత హాలుకేసి గట్టిగా అడిగాడు. "లెక్క తప్పనేవాళ్ళు దాణా తిరిగిచ్చి సంతకం పెట్టండి. లెక్క సరైందే అనేవాళ్ళు చేతులెత్తండి!"

దాణా ఎప్పుడో గేదెల కడుపుల్లోకి పోయింది. ముందు ఒక చెయ్యి లేచింది, తరవాత రెండు, తరవాత వరసలకి వరసలు. కుంటి గేదె ఉన్న ముగ్గురూ ఎత్తారు. పొద్దున తీర్మానం చదివినాయన రెండు చేతులూ ఎత్తాడు. వదిన పక్కనే, తలొంచుకుని, మొగుడు కూడా చెయ్యెత్తాడు.

"అభ్యంతరాలు లేవు" అని రాసుకున్నాడు ఆఫీసరు.

దారి పొడుగునా మొగుడు సర్దిచెబుతూనే ఉన్నాడు. "నలుగురితో పాటు నారాయణ అన్నానే. అంత దాణా మనం ఎక్కణ్ణించి తెచ్చిస్తాం?" వదిన నాలుగడుగులు ముందే నడిచింది. ఆవిడకి ఏడుపొస్తోంది, ఆయన ఎదుట ఏడవడం ఇష్టం లేదు. షెడ్డు చేరగానే చీర కుచ్చెళ్ళు దోపుకుని ఎనిమిది గేదెల పాలూ పితికింది. ఖాళీ బకెట్ ఒకటి తీసి మొగుడి చేతిలో పెట్టింది.

"నావయిపోయాయి. ఆ మిగతా నాలుగూ నువ్వు పితుకు. పాలు లేకుండా గుమ్మం తొక్కావంటే ఊరుకోను."