దవడ దగ్గర తెగిన దారం

అక్క లాగిన దారంలో మిగిలింది జానెడు. గాజుమూత కింద నల్ల అట్టకు అంటించి ఉంది. వెలుతురు పడే వైపు నుంచి చూస్తేనే ఉన్నట్టు తెలుస్తుంది.

సాలెపురుగు తన పోగును ఉమ్మదు, కాలితో లాగుతుంది. ఆ సంగతి పట్టుకునే అక్క ప్రయోగశాలలో ప్రోటీన్ ద్రావణాన్ని సన్నటి సూదిలోంచి యంత్రంతో కాకుండా చేత్తో, ఊపిరి బిగబట్టి దారంగా లాగేది. అక్క లాగేది, చెల్లెలు తెంపేది. తెంపితేగానీ దారం బలమెంతో తెలియదు మరి.

"ఇంట్లో కప్పులు, ఇక్కడ దారాలు. నీ చేతికి ఏది దొరికినా మిగలదే తల్లీ!" అని అక్క దెప్పేది.

"నువ్వు గట్టిది లాగు, నేనెలా తెంపుతానో చూద్దాం!"

అక్క పోయాక ఆ చెయ్యి ఇంకెవరికీ రాలేదు. ప్రయోగశాల నడిపే పెద్దాయన ఆగినన్నాళ్లు ఆగాడు.

"చూడమ్మా, ఒక్క పరీక్ష సరిగ్గా వస్తే మీ అక్క పద్ధతిలోనే ముందుకు పోదాం. లేదంటే కట్టిపెట్టడమే. నాకు మాత్రం ఇష్టమా?"

పరీక్షిస్తే దారం ఉండదు. పరీక్షించకపోతే అక్క పని ఉండదు. దారం తెంపి చూసే యంత్రం వేడెక్కిందనీ, గాలిలో తేమ ఉందనీ చెల్లెలు కొన్నాళ్లు నెట్టుకొచ్చింది. ఇవాళ పొద్దున ఆ వంకలు తనకే నవ్వు తెప్పించాయి.

దారం రెండు కొసల్నీ యంత్రంలో పట్టి లాగే ఇనప దవడల్లో పెట్టి స్క్రూలు బిగించింది. చాలు. అయినా జారిపోతుందేమో అనిపించింది. ఇంకో చుట్టు తిప్పింది. కొత్తగా చేరినవాళ్లు అలా చేస్తే కసిరేది తనే. ఆసుపత్రిలో అక్క వేళ్లనూ ఇలాగే పట్టుకుంది, "నొప్పే, వదులు" అనేదాకా.

దవడలు ఎడమవుతున్నాయి. తెర మీద గీత పైకి పాకింది. ఇదివరకటి దారాలన్నీ తెగిన చోటు దాటి ఇంకా పాకుతూనే ఉంది. పెద్దాయన కుర్చీలోంచి లేచాడు.

చప్పుడేమీ లేదు. గీత ఒక్కసారిగా కింద పడింది.

"అబ్బ! ఎంత దూరం వెళ్లిందమ్మా! ఎక్కడ తెగింది?"

ఆయన కళ్లకు ఆ పోగు ఆనదు. మధ్యలో అంటే సరిపోయేది. దవడ నొక్కుడుకి తెగింది మాత్రం లెక్కలోకి రాదు. అది దారం బలహీనత కాదు, బిగించినవాళ్ల తప్పు.

ఆమె భూతద్దం మీంచి తలెత్తలేదు.

"దవడ దగ్గరండీ."

పెద్దాయన తెర మీది గీత వంక చూశాడు. "ఇంకోసారి చూడు తల్లీ," అన్నాడు. గద్దించడం కాదది, బతిమాలడం.

"చూశానండీ. నేనే ఎక్కువ బిగించాను."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ బయటికి వెళ్లిపోయాడు. ఆమె స్క్రూ వదులు చెయ్యబోయింది. రాలేదు. రెండు చేతులా పట్టి తిప్పింది. కదల్లేదు.