సోమవారాలు, గురువారాలు

ఆరు వారాలుగా లిస్తియాని ఎత్తే ప్రతి బరువు వేగాన్నీ నేను రాసుకుంటున్నాను. కడ్డీకి సన్నటి తీగ ఒకటి కట్టి ఉంటుంది. కడ్డీ లేచినప్పుడల్లా నా ముందున్న చిన్న తెర మీద అంకె పడుతుంది. అంకెలకు మొహమాటం లేదు. మనుషుల దగ్గరకన్నా వాటి దగ్గర నాకు ఊపిరి తేలిగ్గా ఆడుతుంది.

గీత గీసి చూస్తే ప్రతి వారంలోనూ రెండు గుంటలు కనిపించాయి. సోమవారం, గురువారం. అవే డెబ్బై కిలోలు, ఆ రెండు సాయంత్రాలూ నెమ్మదిగా లేస్తున్నాయి.

"పిల్ల అరిగిపోయింది హర్జో," అన్నాడు కోచ్ గునార్సో, మెడ తుడుచుకుంటూ. "బరువులు తగ్గించినా అంతే. వచ్చే గురువారం మన షెడ్డులోనే ఎంపిక పోటీ. అప్పుడూ ఇలాగే ఉంటే ఆసియా క్రీడలకి రెండో అమ్మాయి పేరే పంపుతాను. నాకేం సరదానా?"

"ఒంట్లో ఎలా ఉందో అడిగావా?"

"అడిగితే ఏమంటుంది? బాగానే ఉన్నాను పాక్, అంటుంది. కాలు విరిగినా మన జావావాళ్ళు అదే అంటారు." పాక్ అంటే మా వైపు పెద్దవాళ్ళని పిలిచే 'అయ్యా' లాంటి మాట.

రోజూ పొద్దున్న ఆమె నింపే కాగితాలు తీశాను. నిద్ర, నొప్పి, మనసు, ఒక్కోదానికి అయిదుకి ఎన్ని మార్కులు? మనసు గడిని ఎవరూ చూడలేదు, నేను కూడా. కడ్డీ నెమ్మదించిన రోజుల్లో అక్కడ అయిదు ఉంది. మిగతా రోజుల్లో రెండు, మూడు. ఒళ్ళు నీరసించిన రోజునే మనసు నిండటం ఏమిటి? చాలాసేపు ఆ గడి మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను. కొంచెం అసూయ కూడా కలిగింది. నన్ను అడిగితే ఏ రోజుకీ అయిదు వేసుకోను.

ఆ సోమవారం విరామంలో ఆమెను గమనించాను. నీళ్ళ సీసా పెదాల దాకా ఎత్తింది. మూత తియ్యలేదు. సోమ, గురువారాల్లో ఉపవాసం ఉండేవాళ్ళు మా వైపు చాలామందే, తెల్లారినప్పటి నుంచి పొద్దుగూకేదాకా నీళ్ళు కూడా ముట్టరు.

పక్కన కూర్చున్నాను. "ఎన్నాళ్ళయింది ఉపవాసాలు మొదలుపెట్టి?"

ఆమె ఉలిక్కిపడలేదు. "కోచ్‌కి చెప్పకండి పాక్, తిడతారు. పోయినేడాది పోటీలో అన్నీ పడేశాను కదా, సున్నా. ఆ తర్వాత కడ్డీ పట్టుకుంటే చేతులు నావి కానట్టుండేవి. ఈ రెండు రోజులూ ఉంటేనే భయం తగ్గుతోంది. ఆసియా క్రీడల దాకా ఉంటానని మొక్కుకున్నా."

"పోటీ గురువారం."

"తెలుసు."

"అయితే?"

"తెలుసంటున్నాగా పాక్."

మానెయ్యమని కోచ్ చేత చెప్పించవచ్చు. ఆమె తలవంచి వింటుంది. ఆ వంచిన తలతోనే వేదిక ఎక్కుతుంది. మానకపోతే కడ్డీ లేవదు. నా అంకెలు ఇందులో సగమే చెప్పగలవు.

చిన్నప్పుడు నా పరీక్షలకి మా అమ్మ ఉపవాసం ఉండేది. నాకు నమ్మకం లేదు. కానీ నా కోసం ఒకరు ఆకలితో ఉన్నారని గుర్తొస్తే నా భయానికే సిగ్గేసేది.

"గురువారం నీ బదులు నేనుంటాను," అన్నాను.

"మీరా! రోజుకి నాలుగు కాఫీలు. పదింటికే పడిపోతారు."

"పడితే ఎత్తు. నేర్చుకుంది అదేగా."

నవ్వింది. వెంటనే నవ్వు పోయింది. "ఉత్తినే అనకూడదు పాక్. నిజంగా ఉండాలి."

"ఉంటాను."

గురువారం నా ఎదురుగానే అన్నం, గుడ్డు తింది, తప్పు చేస్తున్నదానిలా. రెండో ముద్ద నుంచి మామూలుగా తింది. మధ్యాహ్నానికి నా తల పగిలిపోతోంది. పోటీలో ఒక్క ఊపున తలపైకి లేపే స్నాచ్‌లో మూడు ఎత్తులు, భుజాల మీద ఆపి లేపే జెర్క్‌లో మూడు, ఒక్కటీ పడెయ్యలేదు. ఏ గురువారమూ లేనంత వేగం.

"చూశావా, బరువులు తగ్గించడం పనిచేసింది!" అంటూ గునార్సో ఆమె పేరు రాసేశాడు.

ఆసియా క్రీడల దాకా, అంటే ఆమె మొక్కు తీరేదాకా, ఇంకా చాలా గురువారాలున్నాయి. బరువైన సాధన మంగళ, శుక్రవారాలకి మారాలంటే ఆయనకి తెలియాలి. "నువ్వే చెప్పు," అన్నాను.

వెళ్ళింది. దూరం నుంచి చూస్తున్నాను. ఆయన తువ్వాలు బల్ల మీద విసిరికొట్టాడు, ఏదో అరిచాడు. తర్వాత నా వైపు వచ్చాడు. మొహం ఎర్రగా ఉంది.

"ఆ పిల్లకి కోచ్‌ని నేనా, నువ్వా? నాకు చెబితే నేనుండేవాణ్ణి కాదా ఉపవాసం?"

వెనక నిలబడ్డ లిస్తియాని ఆయన బొజ్జ వంక చూసి, నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది.