నోరెత్తినవాడికే కుర్చీ

ఆ ఆదివారం పొద్దున టీలోకి చేసే స్కోన్ రొట్టెలు మాడిపోయాయి. నలభై ఏళ్లుగా కాలుస్తున్నాను, నా చెయ్యి ఏనాడూ తప్పలేదు. ఆ రోజు పొయ్యి ముందే నిలబడ్డాను కానీ మనసు అక్కడ లేదు. మధ్యాహ్నం హాల్లో సంఘం వార్షిక సమావేశం. మా దగ్గర సమావేశమంటే తలా ఒక పళ్లెం తినుబండారాలు తేవాలి. సంఘం కార్యదర్శి మాడిన స్కోన్లతో వస్తే ఊరు ఏడాది పాటు చెప్పుకుంటుంది. మాడిన చోటల్లా చాకుతో గీకుతూ కూర్చున్నాను.

మా లోయలో సెల్‌ఫోన్లు పనిచెయ్యవు. ఏ కంపెనీ మా వైపు కన్నెత్తి చూడలేదు. అందుకని మేమే ఈ సంఘం పెట్టి, చందాలు వేసుకుని, కొండ మీద టవర్ నిలబెట్టి, ఇంటింటికీ డిష్ బిగించి సొంతంగా ఇంటర్నెట్ పెట్టుకున్నాం. ఫోన్లు కూడా దాని మీదే. లాభాలు లేవు, జీతాలు లేవు. నడిపే బోర్డులో మాత్రం ఐదుగురు ఉండి తీరాలి. ఐదో మనిషి చలికాలంలో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. ఇవాళ ఆ కుర్చీ నిండకపోతే బీమా రద్దు. బీమా లేకపోతే టవర్ ఆపెయ్యాలి.

మిగతావాళ్లకి అది ఫుట్‌బాల్ చూడలేమన్న బాధ. నాకైతే మా ఆయన గుండె. క్లారీ ఛాతీలో పెట్టిన యంత్రం తన సంగతులన్నీ వెనక వరండా గదిలో, అతని మంచం పక్కనున్న పెట్టెకి చెబుతుంది. ఆ పెట్టె, దాని కోసమే విడిగా బిగించిన చిన్న డిష్ గుండా మెల్‌బోర్న్ ఆసుపత్రికి చెబుతుంది. అది ఆగిందా, ఇల్లు అమ్ముకుని ఆసుపత్రి పక్కకి మారాల్సిందేనని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. క్లారీ సంగతి నాకు తెలుసు. పొద్దున లేవగానే గొర్రెలు కనబడని చోట అతను మూడు నెలలు కూడా బతకడు.

బయల్దేరే ముందు వెనక గదిలోకి తొంగి చూశాను. పెట్టె మీద అతని టోపీ ఉంది.

"అదేమన్నా టోపీలు తగిలించే కొయ్యా?" అని అరిచాను.

"తీస్తాలే నోలీ. నువ్వు పద, ఆలస్యమవుతోంది. నేను వెనకే వస్తా" అన్నాడు.

నిజమే, ఆలస్యమవుతోంది. స్కోన్ల పళ్లెం ఎత్తుకున్నాను.

హాలు కిటకిటలాడుతోంది. సంఘం మీద ప్రేమతో వచ్చారనుకునేరు! మా లోయలో ఏ కమిటీకైనా ఒకటే పద్ధతి. ఫుట్‌బాల్ క్లబ్బయినా, అగ్నిమాపక దళమైనా, పదవి పడేది రానివాడి నెత్తిన, లేదా నోరెత్తినవాడి నెత్తిన. హాలు కప్పు కారుతోందన్నవాడు హాలు కమిటీ అధ్యక్షుడై, చచ్చేదాకా అందులోనే ఉన్నాడు. అందుకే అందరూ వస్తారు, ఎవరూ నోరెత్తరు. తనంతట తాను నిలబడితే మరీ తప్పు, పెద్దమనిషినని విర్రవీగుతున్నాడంటారు.

మా అధ్యక్షుడు లయల్ గొంతు సవరించుకున్నాడు. "మరి, ఐదో మనిషి. ఎవరన్నా ఉన్నారా?"

మగవాళ్లంతా ఎవరి బూట్లు వాళ్లు చూసుకుంటున్నారు. పిల్లి మెడలో గంట కట్టేదెవరు? వెనక టీ డ్రమ్ము పక్కన క్లారీ తనకేమీ పట్టనట్టు నిలబడ్డాడు.

"పోనీ, ఎవరి పేరన్నా చెప్పండి" అన్నాడు లయల్.

ఎవరూ చెప్పలేదు. చెప్తే రేపు ఆ మనిషి మొహం ఎలా చూడటం? ఇక అయిపోయింది, ఇల్లమ్మకం బోర్డు ఏ గేటుకి కట్టాలి అని నేను ఆలోచిస్తుండగా కిటికీ దగ్గర్నుంచి ఒక గొంతు లేచింది.

"మెరిల్ రాలేదురోయ్!"

హాలంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. చప్పట్లు, ఈలలు. లోయ చివరన ఉండే మెరిల్ ఏకగ్రీవం. నేను కూడా సిగ్గు లేకుండా చప్పట్లు కొట్టాను.

కానీ నియమం ప్రకారం సమావేశం ముగిసేలోపు ఆవిడ ఒప్పుకోవాలి. ఫోన్ చేశాను, మోగనే లేదు. "టీ తాగుతూ ఉండండి, కదిలారంటే చంపుతాను" అని చెప్పి కారెక్కాను.

మెరిల్ కంచె దగ్గర తీగ బిగిస్తోంది. తలెత్తలేదు.

"మీటింగుకి రాలేదేం మెరిల్?"

"ఏ మీటింగు?"

"అదేంటి, అందరికీ మెయిల్ పెట్టానుగా!"

చేతిలో పటకారుతో ఇంటి కప్పు చూపించింది. డిష్ ఒక్క మేకు మీద తలకిందులుగా వేలాడుతోంది. "దేంట్లో చదవమంటావు, అందులోనా?"

నెట్ పోయినవాళ్లకి నెట్లోనే కబురు పెట్టిన కార్యదర్శిని నేను.

"ఎప్పుడు పడింది?"

"ఆగస్టు గాలివానకి."

"చెప్పొచ్చుగా తల్లీ!"

"చెప్పా. దాణా కొట్లో లయల్‌కే చెప్పా. 'నోరెత్తావుగా, రా మరి కమిటీలోకి' అని పకపకా నవ్వాడు. మళ్లీ ఎత్తలేదు." తీగని ఇంకొక మెలి తిప్పింది. "అమ్మ పడిపోయింది కూడా ఆగస్టులోనే. అంబులెన్సుకి ఫోన్ చెయ్యడానికి సెల్ అందే పెద్ద రోడ్డు దాకా కారులో పోయాను. తిరిగొచ్చేసరికి మాట పోయింది. ఇప్పుడు నర్సింగ్ హోములో ఉంది. నువ్వు కేకు పంపావు నోలీన్, బాగుంది. ఎట్లా జరిగిందని మాత్రం అడగలేదు."

నిజంగానే అడగలేదు. కేకు పంపితే బాధ్యత తీరిందనుకున్నాను.

"నిన్ను బోర్డులోకి ఎన్నుకున్నారు" అన్నాను. ఎంత దిక్కుమాలిన మాటో అంటుండగానే తెలిసింది. "నువ్వు కాదంటే తప్పు పట్టను. కానీ టవర్ ఆగితే క్లారీని ఇక్కడ ఉంచలేను మెరిల్. అంతే, నాకున్న కారణం అదొక్కటే."

మెరిల్ పటకారు జేబులో దోపుకుంది.

"పద."

హాల్లోకి అడుగు పెట్టగానే మళ్లీ చప్పట్లు. మెరిల్ చెయ్యి అడ్డంగా ఊపింది.

"చాలు, ఆపండి. ఒప్పుకుంటున్నా. ఐదో కుర్చీ నిండింది. ఇంకెవరినీ కమిటీలోకి లాగరు, సరేనా? ఇప్పుడు భయం లేకుండా చెప్పండి. మీలో ఎవరెవరి నెట్ పోయింది? చేతులెత్తండి."

ఎవరూ కదల్లేదు. మూలనున్న ముసలి హెక్టర్ మెల్లగా చెయ్యి ఎత్తాడు. "సెప్టెంబరు నుంచి" అని గొణిగాడు. అతని వెనక స్కూలు బస్సు నడిపే అమ్మాయి ఎత్తింది. ఆ తర్వాత కిటికీ పక్కనున్న భార్యాభర్తలు, ఒకరినొకరు చూసుకుని, ఇద్దరూ. ఇందాక ఒక్కటీ లేవని హాల్లో చేతులు లేస్తున్నాయి. లయల్ మొహం ఎర్రబడింది. నేను గబగబా పేర్లు రాసుకుంటున్నాను.

"ఇంకెవరూ లేరుగా?" అని తలెత్తాను.

టీ డ్రమ్ము పక్కన ఇంకొక చెయ్యి లేచి ఉంది. రెండో చేతిలో లామింగ్టన్ కేకు ముక్క.

"క్లారీ, చెయ్యి దించు. తమాషాలొద్దు."

"తమాషా కాదు నోలీ. వెనక గది డిష్. శుక్రవారం నుంచి పెట్టె ఎర్రగానే వెలుగుతోంది."

అందుకా దాని మీద టోపీ! నా కలం ఆగిపోయింది. "మరి ఆసుపత్రి వాళ్లు?"

"ఇంటి ఫోనుకి చేశారు. బాగానే ఉన్నానని చెప్పా." బూట్ల వైపు చూసుకున్నాడు. "నువ్వేమో ఆ ఐదో మనిషి కోసం తిండీ నిద్రా లేకుండా తిరుగుతున్నావు. మళ్లీ ఇదొకటెందుకని."

చంపేద్దామన్నంత కోపం వచ్చింది. నా వెర్రి మొగుడా, ఎవరి కోసం తిరిగాననుకున్నావు? అరుద్దామని నోరు తెరిస్తే ఏడుపు వచ్చింది. అంతమందిలో, నలభై ఏళ్లలో మొదటిసారి.

మెరిల్ నా చేతిలోంచి కలం లాక్కుని, ఉన్నచోటే నిలబడి ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టింది. జేబులోంచి పటకారు తీసి లయల్ వైపు చూసింది.

"నిచ్చెన ఎవరి బండిలో ఉంది?"

క్లారీ చెయ్యి ఇంకా పైనే ఉంది. నేనే వెళ్లి పట్టుకుని దించాను. మళ్లీ వదల్లేదు.