అడగని మాట

కొత్త హెడ్మిస్ట్రెస్ ఇకపై పాఠాలన్నీ కంప్యూటర్ తెర మీదే చెప్పాలని ఆర్డరు వేసింది. లెక్కల మాస్టారు మాత్రం సుద్దముక్క వదల్లేదు. మొండికేస్తున్నాడనుకుని ఆమె మూడు మెమోలిచ్చింది. మూడోది అందిన రోజే ఆయన రాజీనామా ఇచ్చి వెళ్ళిపోయాడు.

ఆయనకు చూపు సరిగా ఆనడం లేదని, బోర్డు మీదైతే చేతి అలవాటు కొద్దీ రాసేస్తాడని బడి ఆయా చెప్పింది. హెడ్మిస్ట్రెస్ వెంటనే ఆయనింటికి పరిగెత్తింది.

"నాతో ఒక్క మాట చెప్పకపోయారా మాస్టారూ?"

"తీసేస్తారని భయపడ్డానమ్మా. మీరూ కాగితాలు పంపారే గానీ, ఏమైందని అడగలేదుగా."

ఎంత బతిమాలినా ఆయన తిరిగి రాలేదు.

మర్నాడు ఆమె స్టాఫ్ రూములో, "తప్పు నాదే. ఎవరికి ఏ ఇబ్బంది ఉన్నా నాతో చెప్పండి," అంది. ఎవరూ తలెత్తలేదు. అయినా రోజూ వెళ్ళి వాళ్ళ మధ్య కూర్చుంది. వాళ్ళలో ఒకరు మొదటిసారి నోరు విప్పడానికి ఏడాది పట్టింది.